ఎర్రగీత మీద వేలెడు నీళ్ళు

జ్ఞానయ్య చెరువు తడిమెట్టు మీద గొంతుక్కూర్చుని, చెయ్యి నీళ్ళలో ముంచి, గోడ మీది ఎర్రగీతకు చిటికెనవేలు ఆనించాడు. గీత పైన నాలుగు వేళ్ళూ మునిగాయి. పక్కనే కొలబద్ద ఉంది గానీ, వేళ్ళు చెప్పాకే దాన్ని చూడటం ఆయనకు అలవాటు.

వేసవిలో కాలవలు కట్టేస్తే జగ్గయ్యపేటలో చుట్టుపక్కల పేటలన్నిటికీ తాగునీటికి ఈ చెరువే దిక్కు. మిగతా రోజుల్లో ఊరికి షికారు: కట్ట మీద నడక, వేడివేడి బజ్జీలు, కాళ్ళతో తొక్కే ఆరు హంస పడవలు. నీళ్ళు ఎర్రగీతకు దిగితే మాత్రం పడవలకు గొలుసు వెయ్యాలి. గీత కిందివి తాగడానికే.

అరవై నిండిన జ్ఞానయ్యకు ఇవాళే ఆఖరి డ్యూటీ. ఎండకు కమిలిన మెడ, ఎప్పుడూ నాని ముడతలు పడ్డ వేలికొసలు, మోకాళ్ళ దాకా మడిచిన ఖాకీ ప్యాంటు. ఊళ్ళో సగం మందిని చెయ్యందించి పడవెక్కించిన మనిషి, భార్యను ఒక్కసారీ ఎక్కించలేకపోయాడు.

"తాగే నీళ్ళ నెత్తినెక్కి ఊరేగుతామా?" అనేది దేవమణి. అలాంటిది నిన్న అన్నం వడ్డిస్తూ, "రేపు పని కాగానే వస్తా" అంది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆమె చిల్లకల్లులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. వచ్చేసరికి ఐదవుతుంది.

మధ్యాహ్నానికి రెండు వేళ్ళే మిగిలాయి. మూడున్నరకు ఒకటిన్నర. జ్ఞానయ్య గంటకోసారి మెట్లు దిగుతున్నాడు.

"బాబాయ్, వేలెడు తేడా ఎవరు చూస్తారు?" అన్నాడు టికెట్ల రాంబాబు. "పిన్ని కోసమన్నా గీతను కాస్త మర్చిపో."

"చూసేవాళ్ళు లేకే కదరా నన్ను పెట్టింది."

"మరి పిన్ని వచ్చేలోపు గీత తేలితే?"

"తేలితే గొలుసే." అన్నాడే గానీ, కళ్ళు కట్ట మీదే ఉన్నాయి.

ఐదూ పదికి ఆటో ఆగింది. దేవమణి కొంగు నడుముకు దోపుకుని గబగబా దిగి వచ్చింది.

"ఉన్నాయా?"

"వేలెడు. తొందరగా రా."

పడవ దగ్గర ఆగి మెట్టు మీద చెప్పులు విప్పింది. "మంచినీళ్ళ మీదికి చెప్పులతోనా?" అంది. ఎర్రగా మండుతున్న అరచేతులు నీళ్ళకు తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చెరువు నడిమికి పోయేసరికి గాలి చల్లబడింది. హంస ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది.

"ఏందయ్యా, నువ్వు తొక్కట్లేదా?"

"తొక్కుతున్నానే. నువ్వే వెనక్కి తొక్కుతున్నావు."

దేవమణి పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళొత్తుకుని, చుట్టూ చూసింది. "ఇన్నేళ్ళూ బిందెలో చూశా ఈ నీళ్ళని. ఇంత అందంగా ఉంటాయని ఒక్కనాడన్నా చెప్పావా?"

"రోజూ రమ్మన్నాగా."

పొద్దుగూకే వేళ ఒడ్డుకొచ్చాక జ్ఞానయ్య చెయ్యి ముంచాడు. ఎర్రగీత అప్పుడే తేలి, తడిగా మెరుస్తోంది. ఆరు పడవలకూ గొలుసు చుట్టి తాళం వేశాడు. తాళంచెవి, మెడలోని ఈల రాంబాబు చేతిలో పెట్టాడు.

"కాలవ వదిలాక నువ్వే విప్పాలి. ముందు వేళ్ళతో చూడు."

"టికెట్టు కొనుక్కునే వస్తాం," అంది దేవమణి. "ఈసారి ముందుకు తొక్కుతా."

ఇద్దరూ కట్టెక్కి ఇంటిదారి పట్టారు. ఆమె నవ్వు బజ్జీల బండి దాటేదాకా వినిపించింది.

ఎర్రగీతకు మూడు మెట్ల పైన, అంచుకు ఒక మిరపగింజ అంటుకున్న చెప్పుల జత నీళ్ళ వైపుకే తిరిగి ఉంది.