ఆ బంతి ఎవరిది

గొడవ ఉడకబెట్టిన గుడ్డు దగ్గర మొదలైంది. బిందు ఒకటి తిని రెండోది పళ్ళెంలోనే వదిలేసింది. వాళ్ళ నాన్న చూడనే చూశారు.

"రెండూ తినమని చెప్పానా లేదా?"

"ఒకటి చాలు నాన్నా."

"ఒకటి చాలబట్టే పోయిన వారం ఓడి వచ్చారు."

"గుడ్డు తినకపోతే ఓడిపోతారా ఎవరైనా?"

వసారాలో పత్తి మూటకు ఆనుకుని కూర్చున్న మా అత్తగారు బసవమ్మ గారు అందుకున్నారు. "కార్తీక మాసంలో పొద్దున్నే ఆ వాసనేంట్రా శ్రీకృష్ణా? కలిసిరమ్మంటే ఎట్టా వస్తది?"

"నీ కార్తీకం నువ్వు చేసుకో అమ్మా. పిల్లకి బలం కావాలి."

"బలం సరిపోక కాదు. దిష్టి."

చివరికి ఆ గుడ్డు ఆయనే, ఉప్పు కూడా అద్దుకోకుండా, నాలుగు తిట్లతో కలిపి మింగి పొలానికి వెళ్ళిపోయారు. తుఫాను వానకు తడిసిన పత్తి ఎండితేనేగాని తూకానికి పనికిరాదు. ఇంట్లో అందరి మాటా ఆ పత్తిలాగే బరువెక్కి ఉంది.

బిందుమాధవి మా ఒక్కగానొక్క కూతురు. పదో తరగతి. కబడ్డీ, ఖోఖో తప్ప ఎరగని మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల చేత బేస్‌బాల్ ఆడించింది పీఈటీ ఇమ్మానియేలు గారు. అవతలివాళ్ళు కర్రతో కొట్టిన బంతిని కింద పడకముందే పట్టుకుంటే కొట్టిన పిల్ల అవుట్. ఆ ఒక్క ముక్క అర్థమయ్యాక నాకూ ఆట చూడబుద్ధయ్యేది. బంతి వేసేది బిందు, కెప్టెన్ కూడా తనే. కొట్టే పిల్ల వెనక కూర్చుని దాన్ని పట్టేది స్తుతి. మూడేళ్ళు వరసగా జిల్లా కప్పు మా స్కూలుకే వచ్చింది. వచ్చే వారం జోనల్ పోటీలకు రాష్ట్ర జట్టును ఎంపిక చేసేవాళ్ళు వస్తారు. అందులో పేరుంటే గుంటూరులో స్పోర్ట్స్ కోటాలో ఇంటర్ సీటు. ఎండనక, చలనక బిందు పాటుపడింది దాని కోసమే.

ఈ ఏడు మాత్రం ఏ స్కూలుతో ఆడినా ఓటమే. మా ఆయన లెక్కలో తప్పు ఒకసారి బ్యాటుది, ఒకసారి అంపైరుది. మొన్నైతే, "ఆ ఇమ్మానియేలు సారు చర్చి వీధి పిల్లల్ని ముద్దు చేసి పాడుచేస్తున్నాడు" అన్నారు. జట్టులో సగానికి పైగా చర్చి వీధి పిల్లలే మరి. మూడేళ్ళు గెలిచినప్పుడూ వాళ్ళే ఉన్నారని నేనంటే, "నీకు ఆట గురించి ఏం తెలుసు?" అన్నారు.

ఆ శనివారం దర్శి నుంచి ఒక స్కూలు జట్టు వస్తే, మజ్జిగ బిందె తీసుకుని నేనూ వెళ్ళాను. బిందు బాగానే వేస్తోంది. పోయినేటికన్నా చెయ్యి విసురుగా తిరుగుతోంది. అవతలి పిల్ల ఒకతి కొట్టిన బంతి నిటారుగా పైకి లేచింది. మా పిల్లలు ముగ్గురి మధ్య దిగుతోంది. రెబ్కా రెండడుగులు వేసి ఆగింది. ఇంకో పిల్ల అసలు కదల్లేదు. స్తుతి లేచి నిలబడి చూస్తోంది. ముగ్గురూ బిందు వైపు చూశారు. బంతి మధ్యలో దబ్బున పడింది.

నాకు అప్పుడు చెవికి తెలిసింది. మా డాబా స్కూలు గోడ పక్కనే. పోయినేడు మిరపకాయలు ఆరబోస్తుంటే సాయంత్రమంతా "నాదీ! నాదీ!" అని ఒకటే అరుపులు వినిపించేవి. బంతి పైకి లేస్తే పట్టేవాళ్ళు ముందే అరవాలి, లేకపోతే ఇద్దరు గుద్దుకుంటారు. ఒక్కో బంతికి నలుగురు అరిచేవాళ్ళు. ఇప్పుడు మైదానంలో కాకులు తప్ప ఎవరూ అరవడం లేదు.

ఆట ఓడిపోయారు. పిల్లలు ముందు నడుస్తున్నారు. బిందూ నేనూ బిందె పట్టుకుని వెనక వస్తున్నాం.

"అది నీ బంతి కదే రెబ్కా! అరవలేదేం?" అంటోంది ఒక పిల్ల.

"నాదెట్టా అవుద్దే? మనం స్టాంపు బిళ్ళలంత ఉన్నాం. నిలువెత్తు ఆవిడుందిగా, ఆవిడే పట్టుద్ది."

"నువ్వు స్టాంపు బిళ్ళవన్నా అయ్యావు. స్తుతి క్రికెట్ బంతి!"

అందరూ నవ్వారు. స్తుతి కూడా నవ్వింది. బిందు నా పక్కన తల వంచుకుని, మధ్యలో ఎక్కడా ఆగకుండా నడిచింది.

వాళ్ళు నవ్వింది సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ గురించి. మూడో కప్పు వచ్చినప్పుడు మా ఆయనే వేయించారు. పైన నాయకుల తలకాయలు, మధ్యలో కప్పెత్తి నిలువెత్తున మా బిందు, కింద వరసలో మిగతా పిల్లల చిన్న చిన్న ఫొటోలు. స్తుతి ఫొటో సమయానికి దొరకలేదట. ఆ గడి ఖాళీగా ఉంటే బాగుండదని ఫ్లెక్సీ కొట్టు అతను ఒక ఎర్రటి క్రికెట్ బంతి బొమ్మ పెట్టేశాడు. కట్టిన రోజున స్తుతి తల్లి ఎలీసమ్మ మా చేలోకి పనికొస్తూ దాని ముందు చాలాసేపు నిలబడింది. "మా పిల్ల ఎక్కడుందమ్మా?" అని నన్నడిగింది. ఫొటో దొరకలేదంట అన్నాను. "అట్టాగా" అని కొంగు నడుముకు చుట్టుకుని పనిలోకి వెళ్ళిపోయింది. ఆ ఫ్లెక్సీ ఎండకు వెలిసి, వానకు నాని ఇంకా అక్కడే వేలాడుతోంది. వేయించినవాళ్ళకు తీయించాలని తోచలేదు.

ఇంటికొచ్చి బిందు స్నానం చేసి, సైకిలేసుకుని ఇమ్మానియేలు గారింటికి వెళ్ళొచ్చింది. ఎందుకని నేనడగలేదు.

అన్నాల దగ్గర మా ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. "కొత్త గ్లవుజులు తెప్పిస్తాను. గుంటూరులో దొరక్కపోతే హైదరాబాదు నుంచి..."

"గ్లవుజులు బాగానే ఉన్నాయి నాన్నా" అంది బిందు, అన్నం కలుపుతూ. "జోనల్‌కి బంతి రెబ్కా వేస్తుంది. కెప్టెన్ స్తుతి. నేను కుడిపక్క, బాగా దూరంగా నిలబడతాను. సారుతో చెప్పేసి వచ్చా."

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "సెలెక్షన్‌కి వచ్చేవాళ్ళు బంతి వేసేదాన్ని చూస్తారే! దూరంగా నిలబడ్డదాన్ని ఎవరు చూస్తారు?"

"చూడరు. తెలుసు."

"మరి సీటు?"

"మార్కులు తెచ్చుకుంటా. రాకపోతే దర్శిలో చేరతా."

"ఏమే, నువ్వన్నా చెప్పవేం?" అని నా మీదికి తిరిగారు.

"చెప్పాల్సింది అదే చెప్పింది" అన్నాను.

"నువ్వెయ్యకపోతే ఓడిపోతార్రా తల్లీ!"

"ఇప్పుడు గెలుస్తున్నామా ఏంటి?"

మా అత్తగారు నెమ్మదిగా అడిగారు, "అంటే పేపర్లో నీ ఫొటో ఇంక పడదా?"

"పడదు నాయనమ్మా. ఈసారి స్తుతిది పడుద్ది" అని బిందు పళ్ళెం నా వైపు జరిపింది. "పెరుగెయ్యమ్మా, నిద్రొస్తోంది."