వంద డిగ్రీల తేడా

ఆ పరిశోధన పేపర్ అచ్చయి తొమ్మిదేళ్ళయింది. వేడికి పగలని సిరామిక్ బిళ్ళ తయారుచేసే పద్ధతి అందులో ఉంది. ఇప్పటికి ఆరువందల పన్నెండు పేపర్లలో దాన్ని ఉదహరించారు. దాన్ని రాసిన పరిశోధకురాలు, ల్యాబులో అందరికీ డాక్టరమ్మ, రాసిన మిగతా నలభై పేపర్ల సైటేషన్లన్నీ కలిపినా అందులో సగానికి రావు. ప్రొఫెసర్ పదవికి పెట్టుకున్న దరఖాస్తు నిలబడిందే దాని మీద. ఇక వాళ్ళమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ మెడకి టేపు చుట్టి, "మా అమ్మాయి పని గురించి ఆరువందల మంది రాశారు తెలుసా?" అనేది. మెడకి టేపు ఉన్నవాళ్ళు కాదంటారా?

ఇంటర్వ్యూ వారంలోకి వచ్చిందనగా ఒక ఈమెయిల్ వచ్చింది. ఎక్కడో పరిశోధన చేస్తున్న విద్యార్థిని రాసింది. "మేడమ్, మీరు రాసినట్టే పదమూడు వందల డిగ్రీల్లో కాలుస్తున్నాను. ఎనిమిది నెలల నుంచి ప్రతి బిళ్ళా పగిలిపోతోంది. నా చేతిలోనే లోపం ఉందంటున్నారు మా సార్. నిజమేనా?"

పొడి సరిగ్గా నూరి ఉండదులే అనుకుంది డాక్టరమ్మ. అయినా మనసు ఊరుకోక, మర్నాడు పొద్దున్నే తనే బిళ్ళలు నొక్కి కొత్త కొలిమిలో పెట్టింది. చల్లారాక తలుపు తీస్తే అన్నీ రెండేసి ముక్కలు.

ఆ పేపర్ కోసం వాడిన పాత కొలిమి మూలన దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ల్యాబంతా బాబాయ్ అని పిలిచే మెకానిక్ దాని వెనక పలక ఊడదీసి, వేడి కొలిచే తీగ బయటికి లాగి చూశాడు.

"ఇది ఆర్ రకం తీగమ్మా. ఈ మీటరేమో ఎస్ రకం అనుకుని లెక్క చెబుతోంది. పాత తీగ కాలిపోతే ఇది వేసింది నేనే."

"మీటర్లో రకం మార్చాల్సింది నేను, బాబాయ్. మార్చలేదు."

రెండు రకాల తీగల పట్టికా ముందేసుకుని లెక్క కట్టారు. మీటరు పదమూడు వందలు చూపించినప్పుడు లోపల నిజంగా ఉన్నది పదకొండు వందల తొంభై అయిదే. వంద డిగ్రీల పైచిలుకు తేడా! మరి ఆరువందల పన్నెండు పేపర్లవాళ్ళలో ఇన్నాళ్ళూ అడిగిన పాపాన పోయిన మహానుభావుడు ఒక్కడూ లేడు. సైటేషన్లంటే బిళ్ళ కాల్చి చూసినవాళ్ళ లెక్క అనుకుని మురిసిపోయిన తన తెలివికి డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. సిగ్గూ వేసింది.

"వారమేగా అమ్మా. ఇంటర్వ్యూ అయ్యాక చెబుదాం" అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి.

"ఆ పిల్ల ఎనిమిది నెలలు తన చేతుల్ని తిట్టుకుంది బాబాయ్. ఇంకో వారం ఎందుకు తిట్టుకోవాలి? పేపర్ మీద పేరు నాది. మీరు నిశ్చింతగా ఉండండి."

కొత్త కొలిమిని పదకొండు వందల తొంభై అయిదు దగ్గర పెట్టి కాల్చింది. ఒక్క బిళ్ళా పగల్లేదు. మూడుసార్లు కాల్చాక విద్యార్థినికి జవాబు రాసి, పత్రికకి ఒక పేజీ సవరణ పంపి, నకలు తీసుకుని ఇంటర్వ్యూకి నడిచింది.

ఎంపిక సంఘం పెద్దాయన ఈ రంగంలో తలపండినవాడు. "ఆరువందల పన్నెండు! ఇంకేం అడుగుతామమ్మా?" అని నవ్వాడు.

"అందులో ఒక తప్పుంది సార్" అని డాక్టరమ్మ కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. పక్కవాళ్ళు కుర్చీల్లో సర్దుకున్నారు.

"ఇది చేతిలో పెట్టుకుని పదవి ఎలా అడుగుతున్నారు?" అన్నాడు పెద్దాయన.

"బిళ్ళ నిజం సార్, అంకె తప్పు. వంద డిగ్రీలు తక్కువ వేడిలో, తక్కువ ఖర్చులో వస్తోందంటే అది ఇంకా మంచి ఫలితం. మీరు కూడా దాన్ని నాలుగు పేపర్లలో ఉదహరించారు. మీ కొలిమిలో ఎలా వచ్చింది?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి, "మేం కాల్చలేదమ్మా" అన్నాడు.

ఆయన ఆమె దరఖాస్తు మూసి పక్కన పెట్టి జేబులోంచి పెన్ను తీశాడు.

"ఎంతన్నారు?"

"పదకొండు వందల తొంభై అయిదు."

అరచేతిలో రాసుకున్నాడు. "నెల రోజులు ఆగండి. ఈసారి కాల్చి చూసి సంతకం పెడతాను."

"ఆగుతాను సార్" అంది డాక్టరమ్మ. "కానీ ముందు మీ మీటరు చూసుకోండి."