మనం చేసే పాస్తా

"ఆదివారం మా ఆఫీసరు వాళ్లు భోజనానికి వస్తున్నారు, మనం దుంపల పాస్తా చేద్దామోయ్" అన్నాడు మా ఆయన. పెళ్లయి పదకొండేళ్లు. ఆ 'మనం'లో ఆయన ఉండడని నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. మనం దుప్పట్లు ఉతకాలి, మనం ఫ్యాన్లు తుడవాలి, మనం అమ్మకు మందులు తేవాలి. మా ఇంట్లో మనం అంటే నేను. అలవాటుగా ఊఁ కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, ఆదివారం రెండింటికి నా పరీక్ష. ఆసుపత్రి ల్యాబులో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఇది ప్యాసైతే ల్యాబు నా చేతికొస్తుంది. తప్పితే మళ్లీ మూడేళ్లదాకా పెట్టరు. అదే చెప్పాను. "దానిదేముంది, వాళ్లు పదకొండుకే వచ్చేస్తారుగా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే దుంపలు ముందేసుకున్నాను. ఆయన ఆఫీసరు మాంసం ముట్టడట, కొత్త రుచులంటే మాత్రం ప్రాణమట. క్యారెట్, బీట్‌రూట్, చిలగడదుంప, ముల్లంగి. చెక్కు తీసి ముక్కలు కోసి, నూనె, ఉప్పు, మిరియాలపొడి పట్టించి ఓవెన్లోకి తోస్తున్నాను. బీట్‌రూట్ వేరే పళ్లెంలో పెట్టాలి, లేకపోతే అన్నిటికీ దాని రంగే అంటుకుంటుంది. గట్టు మీద తెరిచిపెట్టుకున్న నోట్సు నిండా నా ఎర్రటి వేలిముద్రలు. హాల్లోంచి ఆయన ఫోను మాటలు వినపడ్డాయి. "అబ్బే, బయట తెప్పించడం కాదు సార్, నేనే చేస్తున్నా. నా స్పెషల్."

ఈయన దుంప తెగ, అనుకున్నాను. చేతిలో నిజంగానే ఆఖరి బీట్‌రూట్ దుంప తెగుతోంది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండిపోయింది. చేసేటప్పుడు మనం, చెప్పుకునేటప్పుడు నేను. అత్తయ్య వంటింటి తలుపు దగ్గర నిలబడి, "మావాడు నీకెంత సాయం చేస్తాడమ్మా, మీ మామయ్యయితే ఇటు తొంగి కూడా చూసేవారు కాదు" అంది. ఆ సాయం పొద్దున ఓవెను స్విచ్చి వేయడం.

పదకొండన్నవాళ్లు ఒంటిగంటకు దిగారు, ఆరుగురు. పాస్తా ముందే ఉడికిస్తే ముద్దయిపోతుందని అప్పటిదాకా ఆగాను. నీళ్లు మరుగుతున్నాయి. పరీక్ష రాసే చోటికి బస్సులో ముప్పావుగంట. ఆయన లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంకా వెయ్యలేదా? పరువు తీసేట్టున్నావు. పరీక్షదేముంది, మళ్లీ రాసుకోవచ్చు. సార్ మళ్లీ మళ్లీ వస్తారా?"

మూడేళ్లు. ఈయన నోట్లో అది ఎంత చిన్న మాట. ఏప్రన్ విప్పి ఆయన భుజం మీద వేశాను. హాల్‌టికెట్ ఉన్న సంచీ తీసుకుని ముందుగదిలోకి వచ్చాను. "అదేంటి, మీరు కూర్చోరా?" అంది ఆఫీసరు భార్య.

"నాకు పరీక్షుందండీ. మావారి స్పెషల్ కదా, ఎనిమిది నిమిషాల్లో ఉడికించేస్తారు."

గుమ్మం దాకా ఆయన నా వెనకే వచ్చాడు, భుజం మీద ఏప్రన్‌తో. "ఏమోయ్, ఆగు. ఇప్పుడు అదంతా ఎవరు చేస్తారు? ఎవరు వడ్డిస్తారు?"

"మనం" అన్నాను, చెప్పులేసుకుని మెట్లు దిగుతూ.