బొట్టు పెట్టిన క్యాసెట్

రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి, ఒక్కో వాక్యానికి చాలాసేపు పడుతుంది. ఇది నా భర్త గడిపిన ఒక రోజు. నోటితో పలకని పేరును కాగితం మీద రాస్తున్నాను. నన్ను కూడా పక్కింటి మనిషిని రాసినట్టు అంజవ్వ అనే రాసుకున్నాను. అట్లా అయితేనే కలం కదిలింది.

ఉప్పలయ్య నాలుగో స్క్రూ విప్పి సాసర్‌లో వేశాడు. ఐదోదాని మీద స్క్రూడ్రైవర్ ఆనించి ఆగాడు. పొద్దున లేచినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. రెండు వేళ్ళతో దాన్ని నొక్కుకున్నాడు. బల్లకు అవతల కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆయన చేతులనే చూస్తున్నారు.

సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో ఎనిమిదడుగుల దుకాణం అది. ఒకప్పుడు పెళ్ళి వీడియోలు తీసిన ఉప్పలయ్య ఇప్పుడు అందులో కూర్చుని పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాడు. ఆయన వీసీఆర్‌లో రీలును చదివే హెడ్డు అరిగిపోయింది. కొత్తది కోసం హైదరాబాదు దాకా తిరిగినా దొరకలేదు. అందుకని ఏ క్యాసెట్‌నైనా ఒక్కసారే తిప్పుతాడు. ఆ ఒక్కసారిలో వచ్చిందే వచ్చినట్టు.

ఎదురుగా ఉన్న ముసలామె కొండవ్వది మిరుదొడ్డి ఊరు. పక్కనున్నది మనవరాలు కృప. క్యాసెట్ కొండవ్వ కొడుకు నాగేశ్ పెళ్ళిది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట దాన్ని తీసింది ఉప్పలయ్యే. పెళ్ళయిన ఏడాదికి నాగేశ్ భీవండిలో మగ్గాల కార్ఖానాలో కరెంటు తగిలి చనిపోయాడు. అప్పటికి కృప ఇంకా పుట్టలేదు, తల్లి కడుపులో ఉంది.

ఐదో స్క్రూ ఊడింది. ఉప్పలయ్య పైడొప్ప ఎత్తాడు. లోపలంతా పచ్చగా ఉంది.

“ఏందక్కా గిది?”

“పసుపు తమ్మీ.”

“పసుపని నాకూ కనవడ్తుంది. లోపటికెట్ల వోయింది?”

“కొడుకు దాంట్లనే ఉండె గదా. దేవుని అర్రల వెట్టిన. ఏటేటా వాని దినంనాడు తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడ్తున్న.”

“దేంతోని తుడిచినవు?”

“తడిబట్టతోని. మల్ల ఎండల మంచిగ ఆరవెట్టిన!”

మూల స్టూలు మీద టిఫిన్ గిన్నె విప్పుతున్న అంజవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. “ఇంక నయం, కొబ్బరికాయ కొట్టలే,” అంది.

ఉప్పలయ్య నవ్వలేదు. వేలికొసతో పొడిని ముట్టుకుని చూశాడు. పసుపు మెత్తన, ఫరవాలేదు. కుంకుమ గరుకు. ఒక్క రేణువు రీలుతో పాటు పోయినా హెడ్డు గీసుకుపోతుంది. హెడ్డు పోతే ఈ క్యాసెట్టే కాదు, దుకాణమే పోయినట్టు.

“బొమ్మ రాకున్నా మంచిదే కాకా,” అంది కృప. ఆడపిల్లకు బొంగురు గొంతు. “ఫోటోలున్నయి మాకు. మా అమ్మ పోయిన నెల ఒక మాటన్నది. ‘మీ బాపు గొంతు యాది చేసుకుంటె వస్తలేదు బిడ్డా’ అన్నది. నాకు గా గొంతు గావాలె.”

“పెండ్లిల పిలగాడు యాడ మాట్లాడుతడు బిడ్డా? అయ్యగారే మాట్లాడుతడు.”

“తలుపు కాడ!” కొండవ్వ ముందుకు వంగింది. “మా ఆడివిల్లలు అడ్డం నిలవడి పేర్లు చెప్పిచ్చిన్రు. వాడు చెప్పిండు. నా చెవులతోని ఇన్న.”

కొత్త జంట ఇంట్లో కాలు పెట్టే ముందు పెళ్ళికొడుకు అక్కచెల్లెళ్ళు తలుపుకు అడ్డంగా నిలబడతారు. ఒకరి పేరు ఒకరు చెబితే తప్ప దారి వదలరు. ఉప్పలయ్య ఎన్ని గడపల ముందు కెమెరా మోసుకుని ఆ తంతు తీశాడో ఆయనకే తెలియదు.

ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలో మాటలు ఎవరికీ అక్కర్లేదు. పెళ్ళంతా సినిమా పాటలు మోగాలని అడిగేవారు. ఉప్పలయ్య టేప్‌రికార్డర్ పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా పాటలు ఎక్కించేవాడు. పాట ఎక్కిన చోట మాట చెరిగిపోతుంది. ఈ క్యాసెట్‌కు కూడా తన చేతులతోనే ఆ పని చేసి ఉంటాడు. సాసర్‌లోని స్క్రూలను వేలితో ఒక పక్కకు జరిపాడు.

“తుడవాలె,” అన్నాడు చివరికి. “ఏమే, ఇటు రా.”

అంజవ్వ తన పాత గొల్లభామ చీర ముక్క తెచ్చింది. ఎన్నో ఏళ్ళు ఉతికి దూదిలా అయిన నూలు. దాన్ని రెండు వేళ్ళ మధ్య మడిచి రీలును పట్టుకుంది. ఉప్పలయ్య చక్రాన్ని వేలితో తిప్పాడు. నల్లటి పట్టీ గుడ్డలోంచి జానెడు జానెడు జరుగుతోంది. ఎక్కువ లాగితే సాగుతుంది, వదిలితే మడత పడుతుంది. రెండు గంటలు పట్టింది. తెచ్చిన బువ్వ చల్లారిపోయింది.

ఉప్పలయ్య నుదుటి మీద చెమట బొట్లు నిలిచాయి.

“చెమటలేంది నీకు?”

“ఫ్యాను నీ దిక్కున్నది.”

“ఫ్యాను సంగతి కాదు. దవాఖానకు వోదాం పా.”

“రీలు బయట వడ్డది. లోపలెయ్యనియ్యి, పోదాం.”

శుభ్రమైన రీళ్ళను వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చి స్క్రూలు బిగించాడు. హెడ్డును స్పిరిట్‌తో తుడిచాడు. కంప్యూటర్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, క్యాసెట్‌ను లోపలికి తోశాడు. మిషన్ దాన్ని మింగి, రెండుసార్లు కిర్రుమంది. తెర మీద తెల్లటి గీతలు పరుగెత్తాయి. తరవాత పందిరి కనిపించింది.

కొండవ్వ చప్పట్లు కొట్టింది. “అగో వాడే! ఎంత బక్కగుండె!”

కృప తెర మీద తండ్రిని చూడటం లేదు, చెవులు రిక్కించి వింటోంది. వినిపిస్తున్నది పాట. మంగళస్నానాల పోలు తంతులో పాట, తలంబ్రాలలో పాట, అప్పగింతల్లో ఏడుపు పాట. ఒకటి అయిపోయేలోపు ఇంకొకటి. నలభై నిమిషాలు దాటాయి. బండి దిగి జంట ఇంటి ముందుకు వచ్చింది. పాట అట్లాగే మోగుతోంది.

“బిడ్డా,” అన్నాడు ఉప్పలయ్య. తెర మీంచి చూపు తిప్పలేదు. “ముందుగాల్నే చెప్పాల్సుండె. పాటలెక్కిచ్చింది నేనే. పాట కింద మాట ఉండది.”

“ఉండదంటె?”

“పోయిందే అనుకో.”

“నువ్వే తీస్తివి, నువ్వే తుడిచేస్తివా?” అంది కొండవ్వ.

తెర మీద ఇద్దరు ఆడపిల్లలు తలుపుకు అడ్డంగా చేతులు చాచారు. పెళ్ళికొడుకు తల దించుకుని నవ్వుతున్నాడు. పెదవులు కదలబోతున్నాయి. పాట చివరి చరణం సాగి, సాగి, టక్కున తెగింది. బుస్సుమని గాలి చప్పుడు. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది.

“ఎవలొచ్చిన్రు? పేరు చెప్తెనే తొవ్వ!”

“నేను... సుగుణ... వచ్చినం.”

“ఇనవడ్తలేదన్నా! గట్టిగ!”

“సుగుణ వచ్చింది, నేనొచ్చిన! జరుగుండ్రే, కాళ్ళు గుంజుతున్నయి!”

బొంగురు గొంతు. కృప తన గొంతు మీద చేయి పెట్టుకుంది.

అప్పుడే కెమెరాకు చాలా దగ్గరగా ఇంకో గొంతు పలికింది. సన్నటి, తొందర గొంతు. “బావా, ఇటు జూడు! మల్లొక్కపారి చెప్పు, సరిగ రాలే.”

“అరే, గది నువ్వు గదా!” అంజవ్వ స్టూలు మీంచి లేచింది. ఊరందరి పెళ్ళిళ్ళు తీసిన మనిషి బొమ్మ గానీ గొంతు గానీ ఇంకే క్యాసెట్‌లోనూ లేదు.

“నేనే,” అన్నాడు ఉప్పలయ్య ఆశ్చర్యపోతూ. కెమెరామాన్ అడిగాడని పెళ్ళికొడుకు పెళ్ళాం పేరు ఇంకోసారి చెప్పాడు. మళ్ళీ పాట అందుకుంది.

ఆయనకు గుర్తొచ్చింది. వరసగా మూడు రాత్రులు పెళ్ళిళ్ళు తీసి వచ్చి, పాటలు ఎక్కిస్తూ కునుకు తీశాడు. పాటల క్యాసెట్ అయిపోయింది, కాసేపటి దాకా మెలకువ రాలేదు. మర్నాడు నాగేశ్ తండ్రి దుకాణంలో అందరి ముందు తిట్టాడు, పాట లేకుండా వదిలేశావని. ఆ తరవాత ఎన్నేళ్ళు ఆ మాట తలుచుకుని సిగ్గుపడ్డాడో, అది ఏ పెళ్ళి క్యాసెట్టో మాత్రం మరిచిపోయాడు.

“నా గొంతు గిట్లెందుకుందని బడిల అందరు ఎక్కిరిచ్చేది,” అంది కృప.

ఉప్పలయ్య పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడు. మాట ఎక్కడ వస్తుందో నిమిషమూ సెకనూ చిన్న చీటీ మీద రాసిచ్చాడు. వాళ్ళు మిరుదొడ్డి బస్సుకు వెళ్ళిపోయారు. ఆయన ఇంకో చీటీ చింపి ఏదో రాశాడు.

“గదెవలికి?”

“నీకు.”

“నాకు సదువొస్తదా?”

“అంకెలొస్తయి గదా. ఫోన్ నొక్కుతవు.” స్టూలు మీద కూర్చుని వీపు గోడకు ఆనించాడు. “ఆటో తెచ్చుకరా పో. ఇగ రీలు లోపల్నే ఉన్నది, దవాఖానకు వోదాం.”

అంజవ్వ గల్లీ చివరి దాకా పోయి ఆటో తెచ్చింది. బయట నిలబడి రెండుసార్లు పిలిచింది. లోపలికి వచ్చింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, గోడకు ఆనుకుని, ఆయన అట్లాగే ఉన్నాడు. చేయి పట్టుకుంటే బరువుగా జారింది. బయట ఆటో ఇంజను చాలాసేపు నడుస్తూనే ఉంది. ఆపమని చెప్పడానికి ఎవరూ బయటికి రాలేదు.

పదమూడో రోజు తరవాత అంజవ్వ షట్టర్ ఎత్తింది. మౌస్ కింద ఆయన తనకు రాసిన చీటీ ఉంది. కంప్యూటర్‌లో ఆ అంకెల దాకా జరిపి వింది. కృపకు రాసిచ్చిన చోటు కాదు, పెళ్ళికొడుకు మాట అయిపోయి ‘బావా, ఇటు జూడు’ అనే చోటు: నలభై మూడు, పద్దెనిమిది.

అంజవ్వ, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు దౌల్తాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నాను.