తాడుకి అవతల పొయ్యి

మిషో మెట్ల పొలాల గట్లెక్కి పుట్టిన ఊరికి చేరేసరికి ఊరివాకిలికి అడ్డంగా తాడు కట్టేసి ఉంది. తాడు పొడుగునా కోడి ఈకలు, చెక్క కత్తులు వేలాడుతున్నాయి. దయ్యాలను తరిమే పండగ మొదలైంది, ఇక రేపు తెల్లారేదాకా పరాయి ఊరివాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు. వాళ్ళ వెంట ఏ దయ్యం వస్తుందో ఎవరికి తెలుసు?

కాపలా ఉన్న జలో నోరెళ్ళబెట్టాడు. "ఓసి మిషో! ఈ రోజే దొరికిందా నీకు?"

"పండగ ఎల్లుండి కదా అన్నారు, అన్నా!"

"పూజారికి పాడు కలొచ్చిందట. ముందుకి జరిపాడు."

"నేను పరాయిదాన్నా? ఈ వాకిలికి మా నాన్న ఎన్ని దుంగలు మోశాడు!"

"మోశాడు, కాదన్నానా? నువ్వు తాగేది మీ అత్తోరి ఊరి నీళ్ళేగా? నీ పెళ్ళిలో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే, అయినా తాడు విప్పలేను తల్లీ."

పోనీ ఆగుదామా అంటే, రేపు తెల్లారకముందే అత్తవారి ఊళ్ళోనూ వాకిలికి తాడు కడతారు. ఇవాళ చీకటిపడేలోగా కొండ దారి దాటి చేరకపోతే అక్కడా బయటే.

పండగ కాగానే తమ్ముడు గడ్డికప్పు ఇల్లు పడగొట్టి సిమెంటు ఇల్లు కడుతున్నాడు. అందులో గ్యాసు పొయ్యేనట. తాతల నాటి నుంచి ఆరని నిప్పు ఇక ఆరిపోతుంది. దాని పక్కన ఒక్కసారి కూర్చోవాలని వచ్చింది మిషో.

కబురందుకుని అమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తాడుకి అటు ఆమె, ఇటు ఈమె. అమ్మ నల్ల చొక్కా నిండా పొగ వాసన.

"ఏడుస్తావేంటే పిచ్చిదానా! లోపలికొస్తే ఏం చేసేదానివి?"

"ఏమీ లేదే అమ్మా. ఊరికే కూర్చునేదాన్ని."

అమ్మ కర్ర ఎత్తి పొలాల వైపు చూపించింది. "అదిగో, ఆ పై గట్టు మీదికి పో. నేను పొయ్యిలో పచ్చి కొమ్మలు వేస్తా. మన కప్పులోంచి పొగ దండిగా లేస్తుంది, చూడు."

"కళ్ళు మండుతాయే నీకు!"

"మండనీ. రేపటి నుంచి ఎవరికోసం మండాలి?"

మిషో గట్టెక్కి వెనక్కి తిరిగింది. పుట్టగొడుగుల్లాంటి కప్పుల మధ్య ఒక్కదాంట్లోంచి తెల్లటి పొగ దట్టంగా లేచింది. ఆమె బురద గట్టు మీదే చతికిలబడింది. కింద పొలాల్లోంచి మంచు పైకి పాకుతోంది. పొద్దు వాలుతోంది, బయలుదేరాలి.

పొగ మళ్ళీ లేచింది. అమ్మ ఇంకో కొమ్మ వేసినట్టుంది.

మిషో లేవలేదు.