మూడో మలుపు దగ్గర నీళ్ళు

నిండుకుండ తొణకదంటారు. ఆ సామెత పుట్టించినవాడు కుండను సైకిలుకు కట్టుకుని కంకర బాట మీద తొక్కి ఉండడు. తొక్కినవాడిని నేను చూశాను, అదీ ఖతార్‌లో. వాడి పేరు ముత్యం. వాడిని సైట్ నుంచి వెళ్ళగొట్టాలని కాగితం కూడా రాసి జేబులో పెట్టుకున్న ఘనుణ్ణి నేనే.

నా పేరు సుధాకరరావు, మాది రాజోలు దగ్గర పల్లె. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా ఏడాది ఉందనగా అల్ రయ్యాన్ అవతల ఒక పార్కు పనికి సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఎక్కడెక్కడో పునాదులకు తవ్విన మట్టి తెచ్చి పోసి గుట్టలు కట్టాం. ఓడల్లో వచ్చిన ఆలివ్ చెట్లను ఆ గుట్టల మీద నాటాం. వాటి మధ్య నుంచి ఆరు కిలోమీటర్ల సన్న కంకర బాట వేస్తున్నాం. దాని మీదికి కారు రాకూడదు, మోటార్ సైకిల్ రాకూడదు. తొక్కే సైకిళ్ళు మాత్రమే తిరగాలి.

ఇదంతా గీసినవాడు బ్రూనో అనే ఇటలీ కన్సల్టెంట్. వాళ్ళ ఊళ్ళో కొండల నిండా ఆలివ్ తోటలూ ద్రాక్ష తోటలూ ఉంటాయట, వాటి మధ్య బళ్ళ రొద లేని కంకర దారులుంటాయట. వాళ్ళ తాత ఆ దారుల్లో ద్రాక్షసారా పీపాలు తోలేవాడట. "ఇక్కడ ఆలివ్ ఉంది, ద్రాక్ష మాత్రం మాఫీ," అని, లేదనడానికి ఇక్కడి అరబ్బీ మాట వాడి నవ్వేవాడు. మనిషి మంచివాడే కానీ, ఏ బాటనైనా తన సైకిల్ మీద తొక్కి చూస్తేగాని సంతకం పెట్టడు.

ముత్యం మొదట గుట్టలకు మట్టి మోసి, తర్వాత కంకర పరిచే గ్యాంగులోకి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి. మేం కట్టిన గుట్టలంటే వాడికి వెటకారం.

"గివి గుట్టలా సార్? మా దిక్కు గిసొంటియి పెంటకుప్పలంటరు," అనేవాడు.

"పెంటకుప్పలో, గుట్టలో! నువ్వు ముందు కంకర సమంగా పరచవయ్యా," అని కసిరేవాణ్ణి.

బాట దాదాపు పూర్తయ్యాక ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, రోలర్ తిప్పిన నున్నటి కంకర మీద సన్నగా టైరు గుర్తు! నాకు ఒళ్ళు మండిపోయింది. పని అప్పజెప్పే దాకా దాని మీద ఎవడూ కాలు పెట్టకూడదని అరిచి మరీ చెప్పాను. ఊడ్పించి, మళ్ళీ రోలర్ తిప్పించాను. మర్నాడు మళ్ళీ అదే గుర్తు. బాటకు నడి మధ్యన సాగి, మూడో మలుపు రాగానే లోపలి పక్కకు జరిగి గుట్టను రాసుకుంటూ పోయి, కాస్త అవతల ఆగిపోయేది. నాలుగో రోజు తెల్లవారుతుండగా ఆలివ్ చెట్టు చాటున కాపు కాశాను.

వచ్చింది ముత్యమే. ఎవరో నేపాలీ ఇంటికి పోతూ వదిలేసి వెళ్ళిన పాత సైకిల్ మీద వస్తున్నాడు. హ్యాండిల్‌కు చెరో పక్కా మూత లేని పెయింట్ డబ్బా వేలాడుతోంది. రెండింటి నిండా నీళ్ళే.

"దిగు! నీకేవన్నా పిచ్చా? ఆ డబ్బాలేవిటి?"

వాడు దిగాడు. డబ్బాలు మాత్రం కదలనివ్వలేదు.

"ఉత్త సైకిల్ తొక్కుడు నాకు రాదు సార్. ఊర్ల పద్నాలుగేండ్లు ఈతవనం నుంచి కల్లు కుండలు, మేం లొట్లంటం, రెండు దిక్కుల కట్టుకొని గుట్టల బాటల తెచ్చిన. చుక్క కింద పడకపోతుండె. ఈడికొచ్చి ఆరేండ్లాయె, క్యాంప్ బస్సు తప్ప ఏం లేదు. కాళ్లు మరిసిపోయినయా ఏందని సూసుకుంటున్న."

"ఆ నీళ్ళేం చేస్తున్నావు మరి?"

"ఆ మీది చెట్టుకు పోస్తున్న. పారబోస్తె పాపం గదా." డబ్బా పట్టుకుని మెల్లగా అన్నాడు, "సార్, బాట అయినంక మమ్ముల రానియ్యరు. ఈ మొదలు నుంచి ఆ కొస దాక ఒక్కపారి తొక్కనియ్యుండ్రి. అటెన్క యాడికి పంపినా పోత."

వాడు అడిగింది అంతే. ఆ బాట మీద ప్రతి గంపెడు కంకరా వాడి చేతుల మీదుగా వచ్చిందే. కానీ నాకు కోపం ముందు పుట్టి, నేను తర్వాత పుట్టాను. "రేపు బ్రూనో వస్తున్నాడు. అదవగానే నువ్వు అల్ ఖోర్ సైట్‌కి వెళ్ళి రాళ్ళు మోద్దువు గాని," అన్నాను. ఆఫీసులోకి వెళ్ళి బదిలీ కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు బాట పెళ్ళికూతురిలా ఉంది. గుర్తన్నది లేకుండా తుడిపించాను. బ్రూనో హెల్మెట్ పెట్టుకుని ఉత్సాహంగా బయల్దేరాడు. మొదటి మలుపు తిరిగాడు, రెండోది తిరిగాడు. మూడో మలుపులో నడి మధ్యన వస్తూ సర్రున జారి, సైకిల్ ఒకవైపు, తానొకవైపు పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది.

"ఇక్కడ కంకర బయటికి ఎందుకు జారుతోంది?" అని లేస్తూనే అడిగాడు.

ఎందుకు జారుతోందో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. డ్రాయింగులో ఆ మలుపు దగ్గర వాలు గుట్ట వైపుకు ఉంది. నీళ్ళొచ్చి గుట్ట మొదట్లో నిలిచిపోతాయని నాకు బెంగ పుట్టింది. గోదావరి పాయల మధ్య పుట్టినవాణ్ణి. పెళ్ళి పందిరి వేసినా సరే, వానొస్తే నీళ్ళెటు పోతాయన్నదే మాకు మొదటి ఆలోచన. అందుకని ఎవరికీ చెప్పకుండా వాలును బయటికి తిప్పేశాను, ఏడాదికి నాలుగు వానలు పడితే పండగ చేసుకునే దేశంలో.

ఈ మాట చెప్పాల్సింది. నేను చెప్పింది ఇది: "మా వాడొకడు రోజూ సైకిల్ తొక్కి కంకర వదులు చేశాడు."

బ్రూనో వాణ్ణి పిలవమన్నాడు. ముత్యం వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తొక్కింది నేనే సార్, లేదనను. గని ఈ మూలకు నేనేనాడూ నడిమిట్ల పోలె. ఈడ గుట్ట కాడ తప్ప బాటంత బయటికి ఒరిగింది. మొదటి దినమే నీళ్లు జెప్పినయి."

ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సినవాణ్ణి నేను. "చూపిస్తానంటున్నాడు," అని సగమే చెప్పాను. ముత్యం డబ్బాలు నింపుకొచ్చాడు. మొదట నడి మధ్యన నెమ్మదిగా వచ్చాడు. మలుపులో నీళ్ళు బయటి వైపుకు చిప్పిల్లి, కంకర మీద తడి చార పడింది. రెండోసారి గుట్టను రాసుకుంటూ వచ్చాడు. ఒక్క చుక్క పడలేదు.

బ్రూనో వంగి తడి కంకరను వేలితో తాకాడు. తర్వాత నా వైపు చూశాడు. నా దగ్గర ఇంకా రెండు మూడు అబద్ధాలు తయారుగానే ఉన్నాయి. కానీ ముత్యం నా మీద ఒక్క చాడీ చెప్పకుండా, తడిసిన ప్యాంటు పిండుకుంటూ నిలబడ్డాడు. నాకు నిజంగా సిగ్గేసింది.

"తప్పు అతనిది కాదు. వాలు తిప్పింది నేను," అన్నాను. వాన సంగతి, గోదావరి సంగతి అంతా చెప్పాను.

బ్రూనో తిడతాడనుకున్నాను. పగలబడి నవ్వాడు. "ఎడారిలో వరదకు భయపడ్డావా! మూడు రోజులిస్తాను, సరిచెయ్యి. తర్వాత నేను తొక్కను. ఇతను నిండు డబ్బాలతో ఆరు కిలోమీటర్లూ తొక్కాలి. చుక్క పడకుండా వస్తేనే సంతకం," అన్నాడు.

ఇది ముత్యానికి చెప్పగానే వాడి మొహం వెలిగిపోయింది. "మరి అల్ ఖోర్, సార్?"

"నోర్మూసుకుని పార అందుకో!"

ఆ మూడు రోజులూ నేను కూడా పార పట్టాను. బదిలీ కాగితం వెనకే మలుపు కొలతలు రాసుకున్నాను. ముత్యం ఎక్కడ ఎంత ఒరగాలంటే అక్కడ అంత ఒరిగించాం.

నాలుగో పొద్దున మా గ్యాంగంతా బాట చివర చేరింది. రోలర్ నడిపే కమాలుద్దీన్‌ది నిజామాబాద్. అవతలి కొసన డబ్బాలను అంచుల దాకా తనే నింపి, "చుక్క పడ్డదంటే సార్ పరువు పోతది మియా, సంభాల్," అని సాగనంపి, బయటి రోడ్డున బండిలో మా దగ్గరికి వచ్చేశాడు. నేను ఉన్న దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టాను.

అరగంటకు ముత్యం కనిపించాడు. "యల్లా, యల్లా!" అని అందరూ అరుస్తున్నారు. వాడు మూతి బిగించి, డబ్బాల మీదే చూపు పెట్టి, మా ముందుకొచ్చి ఆగాడు. కుడి డబ్బా అంచు దాకా ఉంది. ఎడమ డబ్బా మాత్రం నాలుగు వేళ్ళు తక్కువ! నా ప్రాణం ఉసూరుమంది.

బ్రూనో తన సైకిలెక్కి బాటంతా వెతికి వచ్చాడు. ఎక్కడా తడి లేదు.

"ఏవయ్యా ముత్యం, నీళ్ళేవీ?" అన్నాను.

"యాడికి పోతయి సార్? నాలుగో గుట్ట కాడ దూపైంది. దిగి తాగిన."

"తాగావా? పరీక్ష పెడితే తాగుతావా!"

"లొట్టి తెచ్చెటోడు దారిల గుక్కెడు తాగకుంటె ఎట్ల సార్? అది తొవ్వ కూలి."

ఈసారి పొల్లు పోకుండా బ్రూనోకి చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కంకర మీదే కూలబడ్డాడు. వాళ్ళ తాత తోలిన పీపా కూడా ఏనాడూ నిండుగా ఊరు చేరలేదట. కళ్ళు తుడుచుకుని, అక్కడే కాగితాల మీద సంతకం పెట్టాడు.

ముత్యం మిగిలిన నీళ్ళు తీసుకెళ్ళి చెట్టుకు పోశాడు. ఆ చెట్టు కిందే కూర్చుని ఇంటికి, పెళ్ళాం చిన్నవ్వకు ఫోన్ కలిపాడు.

"చిన్నవ్వా, కాళ్లు మరువలేదే! ఆరు కిలోమీటర్లు తొక్కిన, చుక్క పడలె."

అవతల వాళ్ళావిడ గొంతు నాదాకా వినిపించింది. ఆవిడకు గల్ఫంతా దుబాయే. "ఎచ్చులు వడకు. దుబాయ్ల గుట్టలుంటయా?"

ముత్యం చుట్టూ ఒకసారి చూశాడు.

"ఉన్నయే," అన్నాడు. "నేనే కట్టిన."