యాభై మీటర్ల గడి

"చూడు తల్లీ, గడి ఎంతుంటే ఏంటి? నీళ్లు నీళ్లే కదా!" అన్నాడు పెద్ద ఇంజనీరు, ఆమె కుర్చీ వెనక నిలబడి.

ఆమెకు ఒళ్లు మండింది. వరద మ్యాపులు తయారుచేసే ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇదే పాట. నది పరీవాహక ప్రాంతాన్నంతా గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక్క సగటు ఎత్తు ఇస్తేగాని కంప్యూటర్ నీళ్లు పారించదు. యాభై మీటర్ల గడులైతే గంటలో లెక్క తేలుతుంది. ఐదు మీటర్లవైతే వారాలు. ఆయనకేమో సాయంత్రానికల్లా కావాలి. వరదొస్తే జనాన్ని స్కూల్లో ఉంచాలని పైవాళ్లు ముందే అనేసుకున్నారు. మ్యాపులో స్కూలు పొడిగానే ఉంది.

"సార్, స్కూలు పక్కన పల్లపు దారుంది. ఆరు మీటర్ల వెడల్పు. ఇంత పెద్ద గడిలో ఆ పల్లం చుట్టూ ఉన్న మెరకలో కలిసిపోయింది. నీళ్లకి ఆ దారే కనబడట్లేదు."

"ఓహో, నీళ్లకి కళ్లు కూడా ఉన్నాయా?"

పక్క సీట్లవాళ్లు కిసుక్కుమన్నారు. ఆమె పళ్లు బిగించింది. ఈ పట్టుదల నిజంగా స్కూలు కోసమేనా, లేక ఇతని నోరు మూయించాలనా? "నీక్కావాల్సింది నిజం కాదు, గెలుపు" అని భర్త ఒకసారి అన్నాడు. కావచ్చు. అంతమాత్రాన ఆ పల్లం పూడిపోతుందా?

స్కూలు చుట్టూ మాత్రం ఐదు మీటర్ల గడులు పెట్టి, మిగతాది అలాగే వదిలి లెక్క నడిపింది. మధ్యాహ్నానికి మ్యాపులో నీళ్లు ఆ దారి పట్టుకుని తిన్నగా తరగతి గదుల్లోకి దూరాయి. నడుము లోతు.

పెద్ద ఇంజనీరు తెర దగ్గరికి వంగి చూశాడు. "బతికించావు తల్లీ," అన్నాడు, వెటకారమేమీ లేకుండా. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అది గెలిచిన సంతోషమేనని తెలిసి, వెంటనే సిగ్గూ వేసింది.

"అయితే జనాన్ని మార్కెట్ షెడ్డుకి మార్చేద్దాం." మ్యాపులో ఇంకో మూల వేలు పెట్టాడు. "చూడు, ఎంత పొడిగా ఉందో!"

ఆ మూలనున్నవి ఇంకా యాభై మీటర్ల గడులే.

"సార్..."

"మళ్లీ ఏంటమ్మా?"

"అది పొడిగా ఉందని కాదు సార్. అక్కడ మనమింకా సరిగ్గా చూడలేదు, అంతే."

అతను నెత్తి పట్టుకుని పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అప్పటికే షెడ్డు చుట్టూ చిన్న గడులకు హద్దు గీస్తోంది.

"సాయంత్రానికి అవుతుందా?"

"అవదు. ఇక్కడ స్కూలుకి మూడింతల మేర గీయాలి."

"ఖర్మ! పైవాళ్లతో తిట్లు నేను తింటాలే. కానివ్వు."